పెట్టె పలక్కపోతే ఒడ్డుకు రా

మా అత్త రాఘవమ్మ జగ్గయ్యపేట వెళ్లేటప్పుడు నెత్తిమీద గంపలో చేపలు ఉండేవి. నేను కాపురానికి వచ్చిన నాలుగైదేళ్లకు ఆ గంపలోకి అప్పుడప్పుడు లారీ బ్యాటరీ వచ్చి చేరింది. ఆ రోజు చేపల గంప నాకు ఎత్తేది, బ్యాటరీ గంప తను ఎత్తుకునేది. మోస్తానని నేనంటే ఒప్పుకునేది కాదు. "చంకన పిల్లుంది, నెత్తిన ఇదెందుకే?" అనేది.

దారిలో ఎదురైనవాళ్లు ఊరుకుంటారా?

"ఏంటి రాఘవమ్మా, గంప అంత కుంగిపోయింది? ఈసారి రాతిచేపలు పడ్డయ్యా?"

"పడ్డయ్ పడ్డయ్. పులుసు కూడా అందులోనే ఉంది. పోయించుకుంటావా?" అనేది మా అత్త. ఆ పులుసు బ్యాటరీలోని ఆసిడనీ, చెయ్యి మీద పడితే బొబ్బెక్కుతుందనీ తెలిసినవాళ్లు నవ్వేవాళ్లు. తెలియనివాళ్లు గిన్నె తేనా అని అడిగేవాళ్లు.

ఆమె లేకుండా వచ్చిన మొదటి వానాకాలం ఇది. ఆ నడక గుర్తొచ్చి రాస్తున్నాను.

మాది వేదాద్రి. వాకిట్లోంచి దిగువకు నడిస్తే కృష్ణ. నన్ను ఆ ఇంటికి ఇచ్చేనాటికే మా మామ రత్తయ్య లేడు. కొత్తనీటి రోజుల్లో ఏటి నడుమ ఇసుకమేట మీద వల కట్టి అక్కడే పడుకున్నాడట. పైన ఎక్కడో కురిసిన వానకు తెల్లారేసరికి ఏరు పొంగి మేటను ముంచేసింది. మనిషి దొరకలేదు. పడవ మాత్రం దిగువన తుమ్మచెట్లకు తగులుకుని ఉంటే తెచ్చుకున్నారు. ఆ పడవనే తర్వాత మా ఆయన నడిపాడు.

మామ ఊసు మా అత్త ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేది. తొలకరి పడింది మొదలు ఒక అలవాటు మాత్రం ఉండేది. పొద్దుగూకేవేళ రేవులోకి దిగి నీటి అంచున ఒక జొన్నదంటు గుచ్చి వచ్చేది. పొద్దున లేచి, మొహం కూడా కడగకుండా వెళ్లి, ఆ దంటును ఏరు ఎంత మింగిందో చూసేది. మింగకపోతే ఆ రోజు అందరినీ పలకరించేది. కొద్దిగా మింగిందంటే మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట ఉండేది కాదు.

నేను నందిగామ పిల్లను, మునేటి ఒడ్డున పుట్టాను. నాకు ఏరు తెలుసంటే నవ్వేది.

"మీ మునేరూ ఒక ఏరేనా! అందులో పడుకున్న గేదె పొంగొచ్చినా లేవదు" అనేది.

కొత్తనీరు వస్తే చేప ఏటికి ఎదురెక్కుతుంది. ఏడాది పొడుగునా పడేది ఒక ఎత్తు, ఆ కాసిని రోజుల్లో పడేది ఒక ఎత్తు. మేట మీదే కాపుండి, పొద్దుగూకేవేళ ఒకసారి, తెల్లారకముందు ఒకసారి వల తీస్తేనే ఆ చేప చిక్కుతుంది. మా అత్త కొడుకును ఆ రోజుల్లో మేట మీద పడుకోనిచ్చేది కాదు. తోటివాళ్ల పడవలు నిండి వచ్చేవి. మా పడవ అడుగు చెక్కలు కనిపిస్తూ వచ్చేది. మా ఆయనకు వరసకు బావ అయ్యే సుబ్బరాయుడు రేవులో అందరి ముందూ అనేవాడు:

"మా సాంబయ్య వాళ్లమ్మ కొంగే వలగా ఏస్తాడు. అందుకే చేప పడదు, చీమిడి పడుద్ది."

మా ఆయన నవ్వేసేవాడు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం కెలికి లేచిపోయేవాడు. ఒక ఏడు వేసవిలో, కంచం ముందు కూర్చునే అన్నాడు:

"పడవ అమ్మేసి పేటలో రాళ్ల క్వారీకి పోతానమ్మా. ఏట్లో ఉండీ లేనట్టు ఉండటం నా వల్ల కాదు."

 మేట మీదికి పంపితే కొడుకు ఏమవుతాడో అని మా అత్తకు భయం. పంపకపోతే కొడుకు ఏటికీ, తనకూ దూరమవుతాడు. ఆ రెంటి నడుమా ఆమె ఆ వేసవంతా నలిగింది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని ఆగిపోయేది.

అప్పుడే రేడియో వచ్చింది.

నందిగామలో కరెంటు దీపాలు వచ్చిన కొత్తలో ఒక మోతుబరి ఇంట్లో బ్యాటరీతో పలికే పాత రేడియో మూలన పడింది. ఆ ఇంటికి చేపలు పోసే మా అన్న ఆ మాట చెప్పగానే మా ఆయన వెళ్లి తెచ్చుకున్నాడు. ముందు వైపు గుడ్డ తొడిగిన చెక్కపెట్టె అది. తిప్పడానికి రెండు మరలు ఉండేవి.

"ఏంట్రా ఇది?" అంది మా అత్త.

"రేడియో. విజయవాడ నుంచి మాట్లాడుద్ది. పైన ఏరు లేస్తే సాయంత్రం వార్తల్లో చెబుతారంట. పడవలో పెట్టుకుంటానమ్మా. వార్తలు విన్నాకే మేట మీద పడుకుంటా."

"దగ్గరుండి కూడా చెప్పని ఏరు నీకు విజయవాడ నుంచి చెప్పి పంపుద్దా?"

"ఏరు కాదమ్మా, మనుషులు చెబుతారు."

మా అత్త పెట్టె చుట్టూ తిరిగింది. వెనక్కి వంగి చూసింది. గుడ్డ మీద వేలితో తట్టింది.

"ఇది ఏం తింటది?"

"బ్యాటరీ కావాలి."

"అయితే ముందు దాని కూటి సంగతి చూద్దాం పద. పస్తున్నోడి మాట నేను నమ్మను."

జగ్గయ్యపేటలో లారీలు ఆగే చోట ఆశీర్వాదం అనే ఆయన బ్యాటరీలకు చార్జింగు పెట్టే షాపు నడిపేవాడు. ఎప్పుడు చూసినా ప్యాంటుకు చిల్లులే ఉండేవి. ఆసిడ్ చుక్కలు పడి అలా అయ్యేవట. మా అత్తకు అప్పటికే ఎరుక, ఆదివారం చేపలకు ఖాతాదారు. ముగ్గురం వెళ్లాం. సంగతి విని ఆశీర్వాదం రెండు రకాలు చూపించాడు.

"పెద్దమ్మా, ఇది డ్రై బ్యాటరీ. అట్టపెట్టెలో వచ్చుద్ది, తేలిక. నీళ్లూ ఆసిడూ ఏమీ ఉండవు. అయిపోతే అవతల పారేసి కొత్తది కొనుక్కోవడమే. అది లారీ బ్యాటరీ. బరువు. ఆసిడ్ ఉంటది. తగ్గినప్పుడల్లా ఇక్కడికి మోసుకొచ్చి చార్జింగు పెట్టించుకోవాలి. మీ పెట్టె దేంతోనైనా పలికేట్టు నేను కుదురుస్తా."

మా ఆయన డ్రై బ్యాటరీ ఎత్తి చూశాడు. "ఇదే బాగుందమ్మా. అరచేతిలో పట్టుద్ది."

మా అత్త దాన్ని తీసుకుని వాసన చూసింది. "దీనికి తడి తగిలితే?"

"పాడైపోద్ది."

"ఏట్లో తడి తగలంది ఏముంటది నాయనా, ఎండలో ఆకాశం తప్ప? సరే. పోయేముందు చెబుద్దా?"

ఆశీర్వాదానికి అర్థం కాలేదు. "ఏం చెబుద్ది?"

"నా పని అయిపోవస్తంది, చూసుకోండి అని."

"ఓహో, అదా! చెమ్మ పట్టిందంటే ఇది ఏ పూటైనా పోవచ్చు, చెప్పలేం. లారీ బ్యాటరీకైతే చిన్న బల్బు తగిలించి చూసుకోవచ్చు. తెల్లగా వెలిగితే దిట్టంగా ఉన్నట్టు. ఎర్రబడిందంటే ఇక్కడికి తెచ్చెయ్యాలన్నట్టు."

మా అత్త డ్రై బ్యాటరీని బల్ల మీద పెట్టేసింది.

"పోయేముందు మూలిగేదే కావాలి. చెప్పకుండా పోయేవాళ్లతో ఒకసారి వేగా, చాలు."

 మామ గురించి ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే. మా ఆయన తల వంచుకుని లారీ బ్యాటరీని ఇటు లాగాడు. పైన మూడు మూతలున్న నల్లటి బ్యాటరీ అది.

మా ఆయనకు ఇంకో కోరిక కూడా ఉంది. అదే బ్యాటరీతో పడవలో ఒక కరెంటు దీపం పెట్టుకోవాలని. దీపం పెడితే బ్యాటరీ నాలుగు రోజులు కూడా ఆగదని ఆశీర్వాదం చెప్పగానే మా అత్త తేల్చేసింది.

"వెలుగు లాంతరు ఇస్తది. మాట లాంతరు ఇస్తదా? దీపం వద్దు."

పడవలో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది రెండు రోజుల పంచాయితీ. ముక్కు దగ్గర పెడితే పడవ ముందుకు వాలింది. వెనక పెడితే తెడ్డు వేసే కాలికి అడ్డం. చివరకు నడుమనే ఖాయం చేశారు. రేకు డబ్బాలో పెడదామని మా ఆయన అంటే మా అత్త ఒప్పుకోలేదు. "పులుపును రేకులో పెడతార్రా ఎవరైనా? జాడీలోనో కుండలోనో పెడతారు గానీ" అంది. మూతి పగిలిన పెద్ద బాన ఒకటి ఉంటే దాని కింది సగం తీసుకుని, అడుగున ఊక పోసి, బ్యాటరీని అందులో కూర్చోబెట్టి, పక్కన సందుల్లో కూడా ఊక కూరింది. పడవ ఊగినా అది కదల్లేదు. వలలు నూలువి, ఆసిడ్ చుక్క పడితే చిల్లే. అందుకని వలలు ఆ చివర, బ్యాటరీ ఈ నడుమ.

రేడియోకు రెండు తీగలు ఉండేవి. ఒకటి వెదురుగడ చివరకు కట్టారు. రెండోదాన్ని తడినేలలో దిగేయాలని ఆశీర్వాదం చెప్పాడు. పడవలో నేలెక్కడిది? నీళ్లలో వేసినా సరిపోతుందన్నాడు. మా ఆయన ఆ తీగను ఏట్లోకి జారవిడిచి మర తిప్పాడు. గరగరమంది. కాసేపటికి ఎవరో పెద్దమనిషి గొంతు స్పష్టంగా వినిపించింది. ఒడ్డున ఉన్న పిల్లా మేకా అరిచారు.

మా అత్త మాత్రం ఆ తీగనే చూస్తోంది. "అయితే ఇది ఏటి చెయ్యి పట్టుకునే మాట్లాడుద్దన్నమాట" అంది మెల్లగా.

ఆ రోజే ఒక కట్టడి పెట్టింది. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"సాంబా, ఇది పలికి, ఏరు బాగుందని చెబితే ఉండు. ఏరు లేస్తందని చెబితే వచ్చెయ్. అసలు పలక్కపోతే?"

"పలక్కపోతే ఏముందమ్మా, మర్నాడు..."

"పలక్కపోతే ఒడ్డుకు రా. వలలో ఏమున్నా సరే, రా. మాట్లాడని దాన్ని నమ్మి పడుకోవద్దు. నా మీద ఒట్టు."

మా ఆయన ఒట్టు వేశాడు.

పాటల కోసం రేవులో జనం మూగేవాళ్లు. మా అత్త కర్ర పట్టుకుని నిలబడేది. "వార్తలకే దాని కూడు. పాటలకు మీ ఇంటి బియ్యం తెచ్చి పొయ్యండి!" అని తరిమేది. నేను వెనక మా ఇంటి గుమ్మం పక్కన నిలబడి ఉండేదాన్ని. ఒక రోజు నన్ను చూసింది. చూసి, కొడుకుతో అంది:

"వార్తలయ్యాక ఒక్క పాట ఉంచు. ఒక్కటే. మునేటి పిల్ల వింటది."

అప్పటినుంచి పడవ ఒడ్డున ఉన్న సాయంత్రాల్లో నాకు ఒక పాట దక్కేది. పాట అయ్యేదాకా తను కూడా అక్కడే ఏదో పని కల్పించుకుని ఉండేది.

ఆ వానాకాలం మా ఆయన మేట మీద పడుకున్నాడు. పడవ నిండి వచ్చింది. సుబ్బరాయుడి నోరు కొంచెం మూతపడింది. క్వారీ మాట మళ్లీ రాలేదు. మా అత్త జొన్నదంటు గుచ్చడం మాత్రం మానలేదు. రేడియో ఉందిగా అంటే, "అది మనుషుల మాట, ఇది ఏటి మాట. రెండూ విందాం" అనేది.

మరుసటి ఏడు తప్పు జరిగింది.

బ్యాటరీలో నీళ్లు తగ్గినప్పుడల్లా పోయడానికి ఆశీర్వాదం సీసాలో వేరే నీళ్లు ఇచ్చేవాడు. "నూతినీళ్లు మాత్రం పొయ్యొద్దు పెద్దమ్మా, ఉప్పూ సున్నం ఉంటయ్, పాడైపోద్ది" అని చెప్పాడు. ఆ మాట మా అత్తకు తేలిగ్గానే అర్థమైంది. మా వైపు నూతినీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా సున్నం పడుతుంది, కందిపప్పు ఉడికి చావదు. అదే ఏటినీళ్లకైతే పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఒకనాడు సీసా ఖాళీ అయింది. మర్నాడే పడవ మేటకు పోవాలి. పేటకు వెళ్లి వచ్చే వ్యవధి లేదు. మా అత్త ఆలోచించింది. నూతినీళ్లు పనికిరావు. ఏటినీళ్లు మంచివి. ఆ ఏటినీళ్లతోనే మా ఊరి గుళ్లో నరసింహస్వామికి అభిషేకం చేస్తారు. అంతకంటే మంచి నీళ్లు ఎక్కడుంటాయి? కొడుకును కాచే పెట్టెలో ఆ స్వామి నీళ్లే ఉంటే ఇంకేం కావాలి?

తెల్లవారి గుడికి వెళ్లి చెంబుతో తీర్థం తెచ్చింది. మూడు మూతలూ తీసి, దండం పెట్టుకుని, మూడింటిలోనూ పోసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బల్బు తగిలించి చూస్తే తెల్లగానే వెలిగింది. మా ఆయన పడవ వేసుకుని మేటకు వెళ్లాడు. కొత్తనీరు అప్పుడే ఎర్రగా తిరుగుతోంది. మేట మీద సుబ్బరాయుడిదీ, ఇంకొకాయనదీ పడవలు ఉన్నాయి. ఆ పూట పడినంత చేప మళ్లీ చూడలేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు. వార్తల వేళకు మర తిప్పాడు. గుర్రుమంది. గొంతేదో అందబోయి ఆగిపోయింది. తీగలు తీసి పెట్టాడు, గీకాడు, పెట్టెను తట్టాడు. పలకలేదు.

పైన మబ్బు లేదు. నీళ్లు నిదానంగా ఉన్నాయి. వలనిండా చేప. మనసొప్పక చాలాసేపు కూర్చున్నాడట. ఆఖరికి చేతికి అందినంత చేప పడవలో వేసుకుని, కట్టిన వల కట్టినట్టే వదిలేసి లేచాడు.

"ఏరా, పెట్టె అలిగిందా? పోయి మీ అమ్మతో బతిమాలించు పో!" అని సుబ్బరాయుడు వెనకనుంచి కేకేశాడట.

ఇంకా వెలుగుండగానే ఒడ్డుకు వచ్చాడు. రేవులో దంటు గుచ్చుతున్న మా అత్త తలెత్తి చూసింది.

"ఏంట్రా వచ్చావు? ఏరు లేస్తందన్నారా?"

"ఏమీ అనలేదు. అసలు పలకలేదు. ఒట్టేయించుకున్నావుగా, వచ్చా. నీ ఒట్టు పుణ్యమా అని సగం చేప ఏటిపాలు!"

కోపంతో తెడ్డు విసిరేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. మా అత్త ఆ తెడ్డు తీసి గోడకు ఆనించింది. తర్వాత ఊకలో కూర్చున్న బ్యాటరీని తడుముతూ పడవలోనే ఉండిపోయింది.

తెల్లారేసరికి దంటు లేదు. దంటు గుచ్చిన చోటే లేదు. ఏరు మా వాకిటి కిందకు వచ్చింది. మేట ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి.  మా ఆయన మా అత్తను పట్టుకుని, అంత మగాడూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుబ్బరాయుడూ, ఆ రెండో ఆయనా దిగువన చెట్లు పట్టుకుని బతికారు. పొద్దెక్కాక ఒడ్డుకు చేరారు. వాళ్ల పడవలు పోయాయి. ముందురోజు సాయంత్రం వార్తల్లో ఏటి సంగతి చెప్పారో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా.

ఏరు తీశాక బ్యాటరీ మోసుకుని ఆశీర్వాదం దగ్గరకు వెళ్లాం. ఆయన మూతలు విప్పి లోపలికి చూశాడు. ఒక పుల్లతో ఏదో పైకి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, బ్యాటరీలో తులసాకు ఎందుకుంది?"

మా ఆయన నా వంక చూశాడు. నేను మా అత్త వంక చూశాను. ఆమె మొహం తెల్లబోయింది.

"తీర్థం పోశా" అంది. "సీసా అయిపోయింది. మంచినీళ్లే కదా అని..."

"కొబ్బరినీళ్లు కూడా కలిసి ఉంటయ్ అందులో. లోపలి సీసపు పలకల్ని తినేసినయ్."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయేముందు చెప్పేదని ఏరి కోరి తెచ్చుకుని, దాని నోరు నేనే నొక్కేశానురా సాంబా. వార్తల్లో చెప్పారేమో. నీకు వినపడకుండా చేశా."

ఆశీర్వాదం పుల్ల పక్కన పెట్టాడు. "ఊరుకో పెద్దమ్మా. మా ఇంట్లో అయితే మా అమ్మ దీనికి ప్రార్థన చేసుండేది. నయం, ప్రార్థనకు పలకలు కరగవు!"

ఏడుస్తూనే నవ్వింది. మా ఆయన ఆమె పక్కన కింద కూర్చున్నాడు. "ఆ స్వామే పెట్టె నోరు కట్టి నన్ను ఒడ్డుకు తోలాడు అనుకోరాదా అమ్మా?"

మా అత్త తల అడ్డంగా ఊపింది. "స్వామి గొప్ప స్వామికి ఉంది. చెడగొట్టింది నేను. అంత చేప వదిలేసి, ఎగతాళి పడి, నా మాటకు వచ్చావు చూడు, అది నీ గొప్ప. దాన్ని ఎవరి ఖాతాలోనూ రాయబోకు."

సీసా దొరకనప్పుడు వాననీళ్లు పట్టుకోవచ్చని ఆ రోజే ఆశీర్వాదం చెప్పాడు. ఇంటి చూరు నుంచి కారింది కాదు, దేన్నీ తగలకుండా ఆకాశం నుంచి నేరుగా పడింది కావాలన్నాడు. అప్పటినుంచి వాన మొదలై గాలిలో దుమ్ము కాస్త కడుక్కుపోయాక, అత్తా నేనూ ఉతికిన పంచె నాలుగు గుంజలకు కట్టేవాళ్లం. నడుమ కడిగిన గులకరాయి వేస్తే బట్ట అక్కడికి వాలి, నీళ్లు ధారగా కింద పచ్చడి జాడీలో పడేవి. ఇద్దరం తడుస్తూ చెరో పక్క బట్ట పట్టుకుని నిలబడేవాళ్లం. గాలికి పంచె ఎగిరితే ఆమె నా వైపు చూసి, "గట్టిగా పట్టవే, మీ మునేటి గాలి కాదు ఇది!" అని అరిచేది. అంత వానలో ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా ఉండేది.

కొన్నేళ్లకు ఆ చెక్కపెట్టె పోయి చేతిలో ఇమిడే ట్రాన్సిస్టర్ వచ్చింది. దానికి నీళ్లు అక్కర్లేదు, మోత అక్కర్లేదు. మా అత్త దాన్ని గౌరవించేది గానీ, ముద్దు చేసేది కాదు. కట్టడి మాత్రం దానికీ అదే. పలక్కపోతే ఒడ్డుకు రా.

పోయిన వానాకాలం ఆమె మంచం పట్టింది. కొత్తనీటి రోజులు. మా ఆయన మేట మీద ఉన్నాడు. కబురు చేస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చేప ఎదురెక్కే వేళ వాణ్ణి పిలవబోకు. పెట్టె పలుకుతానే ఉందిగా, వాడికేం భయంలేదు."

ఆ సాయంత్రం మా ఆయన తనంతట తనే వచ్చాడు. ట్రాన్సిస్టర్ చంకలో పెట్టుకుని, తడికాళ్లతోనే మంచం పక్కన కూర్చున్నాడు. మా అత్త కళ్లు తెరిచింది.

"ఏంట్రా, పలకడం లేదా?"

"పలుకుతోందమ్మా. నేనే కట్టేశా."

"మరి ఎందుకొచ్చావు?"

"నువ్వు మాట్లాడతావని."

ఆమె పక్కకు జరిగి కొడుక్కు మంచం మీద చోటిచ్చింది. తర్వాత అడిగింది: "మీ అయ్య గొంతు నీకు గుర్తుందా?"

"లేదమ్మా."

"పడవ ఒడ్డుకు రాకముందే, అంత దూరాన్నుంచే కేకేసేవాడు. రాఘవా, పొయ్యి మీద నీళ్లు పెట్టూ... అని. ఈ కొసనుంచి ఆ కొసకు వినపడేది. నాకు సిగ్గేసేది."

నేను ఆ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆమె మామ గురించి అంత మాట్లాడటం చూడలేదు. ఆయన నడక, ఆయన తిండి, అలిగినప్పుడు పడవలో పోయి పడుకోవడం, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ ఆగి నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, పొద్దుగూకుతోంది. దంటు గుచ్చావా?"

లేచి రేవులోకి వెళ్లాను. నీటి అంచు చూసుకుని జొన్నదంటు గుచ్చాను. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు. అయితే ఆ సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి లోపల తల్లీకొడుకులు ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆయన ఏదో అంటే ఆమె నవ్వుతోంది. నేను గుమ్మం పక్కన, పాట కోసం నిలబడే చోటే నిలబడి, అయిపోయేదాకా విన్నాను.